సీలు తీయని రెండో ఇన్‌హేలర్: గర్భంలో అదుపు తప్పిన ఒక ఉబ్బసం కేసు

కడుపుతో ఉన్న మనిషికి ఉబ్బసం అదుపులోకి రాకపోతే డాక్టరు చెయ్యి ముందు ప్రిస్క్రిప్షన్ పుస్తకం మీదికే పోతుంది. డోసు పెంచుదామా, ఇంకో మందు కలుపుదామా అని. ఈ కేసులో మేమూ అదే చేశాం. రాసిన మందు ఊపిరితిత్తుల్లోకి అసలు వెళ్తోందా అన్నది మాత్రం చూడలేదు. చూసేసరికి ఆమె ఆక్సిజన్ మాస్కుతో మంచం మీద ఉంది. ఆమెను గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేసి, నిర్ణయాలు ఏ వరసలో జరిగాయో ఆ వరసలోనే రాస్తున్నాం.

నేపథ్యం

వయసు ముప్పై లోపు, మొదటి కాన్పు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. బడి వయసులో ఒకసారి ఆస్పత్రిలో చేరింది కానీ వెంటిలేటర్ అవసరం ఎప్పుడూ పడలేదు. పొగ తాగదు. ఆస్పిరిన్ వేసుకుంటే ఆయాసం రావడం, ముక్కులో పాలిప్స్ లాంటివి లేవు. ఈ ప్రశ్న మొదటి విజిట్‌లోనే అడిగి రాసుకోవాలి. ప్రీ-ఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగే జబ్బు) రాకుండా తక్కువ డోసు ఆస్పిరిన్ ఇవ్వాలా అనే చర్చ గర్భంలో ఎప్పుడైనా రావచ్చు, అప్పుడు వెతుక్కునే పని ఉండదు.

గర్భానికి ముందు ఆమె వాడింది వాపు తగ్గించే స్టెరాయిడ్ బుడెసొనైడ్ 200, గాలి గొట్టాలను వదులు చేసే ఫార్మొటెరాల్ 6 మైక్రోగ్రాములు కలిసిన పొడి ఇన్‌హేలర్, పొద్దున ఒక పఫ్, రాత్రి ఒక పఫ్. దానితో రెండేళ్లు హాయిగా ఉంది. నీలం ఇన్‌హేలర్, అంటే సాల్బ్యుటమాల్, నెలకు ఒకటి రెండుసార్లకు మించి తీసేది కాదు. బాగున్న రోజుల్లో ఊదిన పీక్ ఫ్లో (గట్టిగా ఊదితే గాలి బయటికి వచ్చే వేగం) 410. ఈ అంకె పాత కార్డు మీద ఉండటం మా అదృష్టం. అది లేకపోతే తర్వాత వచ్చిన అంకెల్లో ఏది ఎంత తక్కువో తేల్చడం కష్టమయ్యేది.

గర్భం నిర్ధారణ అయిన వారానికే, ఏడో వారంలో, పొడి ఇన్‌హేలర్ ఆపేసింది. ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆపొద్దనీ ఎవరూ చెప్పలేదు. మొదటి చెకప్ కార్డులో "ఉబ్బసం ఉంది" అని ఒక ముక్క రాసి ఉంది. మందుల గడిలో ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఉంది. "వేరే మందులేవీ వాడట్లేదండీ" అని ఆమె చెబితే రాసుకున్నవాళ్లకు అది మంచి వార్తలా వినిపించి ఉంటుంది. ఉబ్బసం ఉన్న గర్భవతి నోట ఆ మాట వస్తే కంగారు పడాలి.

19వ వారం: వచ్చినప్పటి సమస్య

ఆమె చెప్పుకున్నది ఇదీ: మెట్లెక్కితే ఆయాసం, వారంలో రెండు మూడు రాత్రులు దగ్గుతో మెలకువ, పొద్దున్నే ఛాతీ బిగింపు. "కడుపుతో ఉంటే ఆయాసం మామూలే అంటున్నారు" అని తనే కలిపింది.

ఆ మాటలో సగం నిజం ఉంది. గర్భవతుల్లో సగానికి పైగా మందికి ఏ జబ్బూ లేకుండానే ఆయాసం అనిపిస్తుంది. ప్రొజెస్టెరాన్ శ్వాస కేంద్రాన్ని ఎగదోస్తుంది. దాంతో ఊపిరుల సంఖ్య కన్నా ఒక్కో ఊపిరి లోతు పెరిగి, నిమిషానికి లోపలికి వెళ్లే గాలి 30 నుంచి 50 శాతం దాకా ఎక్కువవుతుంది. అయితే ఆ ఆయాసానికి దగ్గు ఉండదు, పిల్లికూతలు ఉండవు, తెల్లవారుజామున నిద్ర లేపే అలవాటూ ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, గర్భం వల్ల పీక్ ఫ్లో చెప్పుకోదగ్గంత పడిపోదు. పొట్ట పెరిగి డయాఫ్రమ్ పైకి జరిగినా గాలి గొట్టాలు ఇరుకు కావు. కాబట్టి పీక్ ఫ్లో పడిందంటే గర్భాన్ని కాక ఉబ్బసాన్నే అనుమానించాలి.

ఆమె మూడుసార్లు ఊదితే మంచిది 290, అంటే తన 410లో 71 శాతం. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) నాలుగు పఫ్‌ల సాల్బ్యుటమాల్ ఇచ్చి పదిహేను నిమిషాలు ఆగితే 345 అయింది. ఆక్సిజన్ 96 శాతం, ఛాతీ రెండు వైపులా సన్నటి పిల్లికూతలు. హిమోగ్లోబిన్ 10.8. ఆయాసంలో దానికీ కొంత వాటా ఉండొచ్చు గానీ రాత్రి దగ్గుకు కాదు. కాళ్ల వాపు, ఒకవైపు పిక్క నొప్పి, గుండె చప్పుడులో తేడా లేవు. రక్తం గడ్డకట్టిందేమో చూసే డి-డైమర్ పరీక్ష చేయించలేదు. గర్భంలో అది ఎలాగూ పెరుగుతుంది, అనుమానం లేని చోట చేయిస్తే అక్కర్లేని స్కానింగ్‌ల దాకా లాక్కెళ్తుంది.

మొదటి నిర్ణయం

మందు మళ్లీ మొదలుపెట్టాలన్నది తేలికగానే తేలింది. పీల్చే స్టెరాయిడ్లలో గర్భవతుల మీద ఎక్కువ సమాచారం ఉన్నది బుడెసొనైడ్‌కే. స్వీడన్ జనన రిజిస్టర్ నుంచి వచ్చిన లెక్కల్లో పుట్టుకతో వచ్చే లోపాలు పెరిగినట్టు కనబడలేదు. పైగా అది ఆమెకు బాగా పనిచేసిన మందే. వేరే పీల్చే స్టెరాయిడ్‌తో బాగున్నవాళ్లను గర్భం వచ్చిందని దీనిలోకి మార్చనక్కర్లేదు. మార్పిడిలో అదుపు తప్పితే అదే పెద్ద నష్టం.

అదుపు తప్పి ఉంది కాబట్టి డోసు పెంచి, 200/6 రెండేసి పఫ్‌లు పొద్దున, రాత్రి రాశాం. ఇక్కడ రెండు తప్పులు జరిగాయి.

ఒకటి, పరికరం మార్చాం. ఆయాసంలో పొడి ఇన్‌హేలర్‌ను గట్టిగా లాగలేదేమో అని స్ప్రే ఇన్‌హేలర్, స్పేసర్ ఇచ్చాం. 290 ఊదగల మనిషి పొడి ఇన్‌హేలర్‌ను మామూలుగా లాగగలదు, కాబట్టి ఆ భయం అక్కర్లేనిది. పైగా రెండిటి పద్ధతీ తలకిందులు: పొడిని వేగంగా, గట్టిగా లాగాలి, స్ప్రేను నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. ఏళ్ల తరబడి ఒకదానికి అలవాటు పడ్డ చేతిలో ఇంకోటి పెట్టినప్పుడు మొదటి నుంచి నేర్పాలి. మేము చూపించాం. ఆమె తలూపింది. తను చేసి చూపించమని అడగలేదు.

రెండో తప్పు, ఎందుకు ఆపేశారని అడగలేదు. మళ్లీ వాడమని చెప్పి, "బిడ్డకేం కాదు" అని ఒక్క ముక్కతో సరిపెట్టాం. ఆపిన కారణం చెక్కుచెదరకుండా ఆమె వెంట ఇంటికెళ్లింది.

23వ వారం: కలిపినవి, పనిచేయనివి

నాలుగు వారాల తర్వాత పీక్ ఫ్లో 300. రాత్రి దగ్గు అలాగే ఉంది. అదుపును కొలిచే ఐదు ప్రశ్నల స్కోరు 25కు 12. "మందు వాడుతున్నారా?" అని అడిగాం. "వాడుతున్నానండీ" అంది. ఆ ప్రశ్నకు వేరే జవాబు రాదు.

గుండెల్లో మంట ఉందంది కాబట్టి ఒమెప్రజోల్ మొదలుపెట్టాం. కడుపులోని ఆమ్లం పైకి తన్నడం గర్భంలో మామూలే, రాత్రి దగ్గును అది పెంచగలదు. ముక్కు దిబ్బడ ఉంది కాబట్టి ముక్కులో కొట్టే బుడెసొనైడ్ స్ప్రే ఇచ్చాం. గర్భంలో ముక్కు పొరలు వాచడమూ మామూలే. వీటిపైన రాత్రి పూట ఉబ్బసం మాత్ర మాంటెలుకాస్ట్ 10 మి.గ్రా. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. కానీ వీటిని కలపడానికి ఆధారం "పూర్తి డోసు వాడుతున్నా తగ్గట్లేదు" అన్న ఊహ. ఆ ఊహను ఎవరం పరీక్షించలేదు.

పరీక్షించే అవకాశం అక్కడికక్కడే వచ్చింది కూడా. కొత్త ఇన్‌హేలర్ ఇస్తుంటే ఆమె "పాతది ఇంకా ఉందండీ" అంది. 120 డోసుల ఇన్‌హేలర్, రోజుకు నాలుగు పఫ్‌లు. ఇరవై ఎనిమిది రోజులు గడిచాక అందులో ఎనిమిది డోసులు మిగలాలి, అంటే రెండు రోజులకు సరిపడా. అలాంటిదాన్ని "ఇంకా ఉంది" అని ఎవరూ అనరు. "ఉంటే ఉండనివ్వండి, ఇదీ పెట్టుకోండి" అని పంపేశాం.

26వ వారం: దాడి

మూడు రోజుల జలుబు తర్వాత రాత్రివేళ వచ్చింది. వాక్యం పూర్తి చేయలేకపోతోంది. ఊపిరి నిమిషానికి 28, నాడి 124, మాస్కు లేకుండా రక్తంలో ఆక్సిజన్ 92 శాతం, పీక్ ఫ్లో 170, అంటే తన మంచి అంకెలో 41 శాతం. ఇది తీవ్రమైన దాడి.

దాడికి చికిత్స గర్భం లేని మనిషికి ఏం చేస్తామో అదే, అంతే వేగంతో. తేడాలు కొన్నే. వెల్లకిలా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి కాస్త ఎడమకు ఒరగనిచ్చాం. ఆక్సిజన్ 94 నుంచి 98 శాతం మధ్య ఉండేలా పెట్టాం. సాల్బ్యుటమాల్ 5 మి.గ్రా., ఇప్రాట్రోపియం 0.5 మి.గ్రా. కలిపి ఆక్సిజన్‌తో నడిచే నెబ్యులైజర్‌లో ఇరవై నిమిషాలకోసారి మూడుసార్లు ఇచ్చాం. స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ 40 మి.గ్రా. మొదటి పావుగంటలోనే నోటి ద్వారా ఇచ్చాం. మింగగలిగితే సూది కన్నా మాత్ర ఏమీ తక్కువ కాదు.

ఈ కేసులో నేర్చుకునేవాళ్లు ఆగి చూడాల్సిన కాగితం ఆక్సిజన్ పెట్టాక తీసిన ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) రిపోర్టు. పీహెచ్ 7.35, కార్బన్ డయాక్సైడ్ 38, ఆక్సిజన్ 82, బైకార్బొనేట్ 20. మెషీన్ ఒక్క బైకార్బొనేట్ పక్కనే తక్కువని గుర్తు పెట్టింది. మిగతావన్నీ దాని లెక్కలో నార్మల్. నిజానికి గర్భవతికి ఆ కాగితంలో సరిగ్గా ఉన్నది బైకార్బొనేట్ ఒక్కటే. లోతుగా ఊపిరి తీసే గర్భవతికి కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే 28 నుంచి 32 మధ్య ఉంటుంది, దాన్ని సరిదిద్దడానికి కిడ్నీలు బైకార్బొనేట్‌ను 20 దగ్గరికి దించుతాయి. ఉబ్బసం దాడి మొదట్లో అందరూ వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ ఇంకా తగ్గాలి. అలాంటిది 38 ఉందంటే ఊపిరి తీసే కండరాలు అలసిపోతున్నాయన్నమాట. గర్భం లేని మనిషిలో 45 దాటినప్పుడు ఎంత కంగారు పడతామో ఇక్కడ 38కే అంత కంగారు పడాలి.

అందుకే ఐసీయూకూ మత్తు డాక్టరుకూ అప్పుడే కబురు చేసి, మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు ఇరవై నిమిషాల్లో నరం ద్వారా ఎక్కించాం. కుడివైపు గాలి చప్పుడు తగ్గినట్టుంటే న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) కాదని తేల్చుకోవడానికి ఎక్స్‌రే తీశాం. ఛాతీ ఎక్స్‌రేతో కడుపులో బిడ్డకు చేరే రేడియేషన్ ఒక మిల్లీగ్రేలో వందో వంతు కూడా ఉండదు. బిడ్డకు హాని గురించి ఆలోచించే హద్దు 50 మిల్లీగ్రేలు. "గర్భవతి కదా, వద్దులే" అని ఎక్స్‌రే మానేసి న్యుమోథొరాక్స్ వదిలేస్తే తల్లీ బిడ్డా ఇద్దరికీ ముప్పే.

సీటీజీలో (బిడ్డ గుండె వేగాన్ని నమోదు చేసే యంత్రం) బిడ్డ గుండె 165 దాకా కనిపించింది. తల్లికి ఆక్సిజన్ తక్కువైనా అలా ఉంటుంది, సాల్బ్యుటమాల్ వల్లా ఉంటుంది. తల్లి కుదుటపడేదాకా బిడ్డ గురించి వేరే నిర్ణయం తీసుకోకూడదని ప్రసూతి డాక్టరుతో ముందే అనుకున్నాం. గంట తర్వాత పీక్ ఫ్లో 215, కార్బన్ డయాక్సైడ్ 33, పీహెచ్ 7.40. కార్బన్ డయాక్సైడ్ కిందికి దిగడం చూశాకే ఊపిరి పీల్చుకున్నాం. తెల్లారేసరికి బిడ్డ గుండె 150 దగ్గర నిలబడింది.

ఒక చిన్న సంగతి. "ఎలాగూ స్టెరాయిడ్ ఇచ్చాం, నెలలు నిండక పుట్టినా బిడ్డ ఊపిరితిత్తులకు పనికొస్తుందిగా" అని డ్యూటీలో ఒకరు అన్నారు. పనికిరాదు. ప్రెడ్నిసొలోన్‌లో చాలా భాగాన్ని మాయలోని ఎంజైమ్ నిర్వీర్యం చేస్తుంది, బిడ్డకు చేరేది పదో వంతు. బిడ్డ కోసం ఇచ్చే బీటామెథసోన్, డెక్సామెథసోన్ ఆ ఎంజైమ్‌ను తప్పించుకుంటాయి కాబట్టే వాటిని వాడతారు.

మంచం పక్కన బల్ల మీద

మూడో రోజు నర్సు ఆమె ఇంటి మందులన్నీ తెప్పించి బల్ల మీద వరసగా పెట్టింది. 19వ వారంలో ఇచ్చిన ఇన్‌హేలర్ మిగిలిన డోసులు చూపే కౌంటర్ మీద 58 ఉంది. 23వ వారంలో ఇచ్చిన రెండోదానికి సీలు కూడా తీయలేదు. నీలం ఇన్‌హేలర్ 23వ వారంలో కొత్తగా మొదలుపెట్టిన 200 డోసులది. అందులో 64 మిగిలాయి.

లెక్క వేయడానికి ఒక్క నిమిషం చాలు. ఇన్‌హేలర్ ఇచ్చిన రోజు నుంచి దాడి దాకా 51 రోజుల్లో పోవాల్సిన పఫ్‌లు 204, పోయినవి 62. సాల్బ్యుటమాల్ మాత్రం 23 రోజుల్లో 136, అంటే రోజుకు దాదాపు ఆరు. "తీవ్రమైన, మందుకు లొంగని ఉబ్బసం" అని మేము కేసు షీట్‌లో రాసుకున్నది మూడో వంతు కూడా మందు అందని మామూలు ఉబ్బసం.

నర్సు నిలదీయలేదు. "ఏమ్మా, దీన్ని ఎలాంటి రోజున వేసుకుంటావు?" అని అడిగింది.

"బాగా కష్టంగా ఉన్న రాత్రి ఒకటో రెండో. అందులో స్టెరాయిడ్ ఉందిగా అక్కా. నీలందాంట్లో లేదు కదా."

దీన్ని నిర్లక్ష్యం అనకూడదు. బిడ్డకు హాని తగ్గించాలని లెక్కగా, ఓపికగా రేషన్ చేసుకుంది. లెక్క తలకిందులైంది, అంతే. నీలం మందు బిగుసుకున్న కండరాన్ని నాలుగైదు గంటలు వదులు చేస్తుంది గానీ గొట్టాల లోపలి వాపును ముట్టుకోదు. వాపు పెరిగేకొద్దీ నీలం పఫ్‌లు పెరుగుతాయి, జలుబు తగిలిన రోజు అవీ సరిపోవు.

తర్వాత స్పేసర్ ఇచ్చి వేసుకుని చూపించమన్నాం. ఇన్‌హేలర్ ఊపకుండానే రెండు పఫ్‌లు వరసగా నొక్కింది, మూతికి పెట్టుకునే ముందు నాలుగైదు సెకన్లు ఆగింది, ఒకే ఒక్క పెద్ద ఊపిరి ఠక్కున లాగింది. రెండు పఫ్‌లు ఒకేసారి కొడితే తుంపరలు ఒకదానికొకటి అంటుకుని స్పేసర్ గోడలకు పడతాయి. ఆగితే కిందికి దిగిపోతాయి. ఠక్కున లాగితే గొంతు వెనక్కి కొట్టుకుంటాయి. స్పేసర్‌ను పొడిగుడ్డతో తుడిచి శుభ్రంగా ఉంచుతానని కూడా చెప్పింది. ప్లాస్టిక్‌ను అలా రుద్దితే స్థిరవిద్యుత్తు పుట్టి మందును గోడలు లాగేసుకుంటాయి. వేసుకున్న ఆ 62 పఫ్‌లలోనూ లోపలికి వెళ్లింది ఎంతో!

నేర్పిన పద్ధతి ఇది. ఇన్‌హేలర్ ఊపి స్పేసర్‌కు తగిలించాలి. ఊపిరి మెల్లగా బయటికి వదిలి, స్పేసర్ మూతిని పెదాలతో గట్టిగా మూయాలి. ఒక్క పఫ్ నొక్కి, వెంటనే నెమ్మదిగా లోతుగా పీల్చి పది లెక్కపెట్టేదాకా ఆపాలి. ఆయాసంలో ఆపలేకపోతే అదే పఫ్‌ను ఐదారు మామూలు ఊపిరులతో తీసుకోవచ్చు. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండోది. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. స్పేసర్‌ను గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో ముంచి తీసి, తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. వరసగా మూడు రోజులు పూటపూటకూ నర్సు ముందే చేయించాం. రెండో రోజు సాయంత్రానికి గానీ చెయ్యి, ఊపిరి కలవలేదు.

ఏం చెప్పాం, ఏం మార్చాం

స్టెరాయిడ్ భయం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మైక్రోగ్రాములను మిల్లీగ్రాములతో పోల్చి, "ఒక్క మాత్రలో ఇన్ని పఫ్‌ల మందు ఉంది" అని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గానీ రెండు మందుల బలం ఒకటి కాదు, కాబట్టి ఆ పోలిక నిజాయితీ కాదు. మేము ఆక్సిజన్ లెక్క చెప్పాం. తల్లి రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 100 దగ్గర ఉంటే, బొడ్డుతాడు ద్వారా బిడ్డకు చేరే రక్తంలో అది 30 చిల్లరే. బిడ్డ హిమోగ్లోబిన్ అంత తక్కువలోనూ సర్దుకునేలా తయారైంది కానీ చేతిలో నిల్వ పెద్దగా ఉండదు. "మొన్న రాత్రి మీకు 92 ఉన్నప్పుడు కొరత మీ ఒక్కరిదే కాదు" అన్నాం. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న "ఇది రోజూ వేసుకుంటే ఆ మాత్రలు మళ్లీ వేసుకోనక్కర్లేదా?" అని. నూటికి నూరుపాళ్లు హామీ ఇవ్వలేం గానీ ఆ అవకాశం బాగా తగ్గుతుందని చెప్పాం.

మందులో మార్పు ఆమె అలవాటును బట్టే చేశాం. ఆయాసం వచ్చినప్పుడు ఇన్‌హేలర్ వైపు చెయ్యి చాచడం ఆమెకు బాగా వచ్చు. రోజువారీ డోసు గుర్తుపెట్టుకుని వేసుకోవడమే రాదు. కాబట్టి రెండు పనులూ ఒకే ఇన్‌హేలర్‌కు అప్పగించాం: అదే 200/6, పొద్దున రెండు, రాత్రి రెండు, ఆయాసం వస్తే అందులోంచే ఒక్కో పఫ్. ఫార్మొటెరాల్ నిమిషాల్లో పనిచేస్తుంది కాబట్టి నీలందాని పని చేస్తుంది, పైగా ప్రతి పఫ్‌తోనూ వాపు తగ్గించే మందు లోపలికి వెళ్తుంది. ఒకేసారి 6 పఫ్‌లు, రోజు మొత్తం మీద 12 దాటకూడదు. నీలందాన్ని ఇంట్లోంచి తీయించేశాం. రెండూ ఉంటే చెయ్యి మళ్లీ నీలం వైపే వెళ్తుందని అనుమానం.

మాంటెలుకాస్ట్ విషయంలో మాలో మాకే రెండు అభిప్రాయాలు వచ్చాయి. గర్భంలో, అదుపు వచ్చినా సరే, మందులు తగ్గించే ప్రయోగం చేయకూడదన్నది మంచి నియమం. కానీ అది మొదలైనప్పటి నుంచి పీడకలలు వస్తున్నాయని ఆమె చెప్పింది. నిద్ర, మనసు మీద దాని ప్రభావం గురించి 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టె కట్టి మరీ హెచ్చరిక ఇచ్చింది. తప్పు ఊహ మీద మొదలుపెట్టిన మందు, పైగా ఇబ్బంది పెడుతున్న మందు. ఆపేశాం. ఆపిన వారానికి ఫోన్‌లో పీక్ ఫ్లో అంకెలు చెప్పించుకున్నాం.

ప్రెడ్నిసొలోన్ మొత్తం ఏడు రోజులు ఇచ్చాం. అన్ని రోజులకు మెల్లగా తగ్గించుకుంటూ రానక్కర్లేదు. షుగర్ పరీక్షకు తేదీ సరిగ్గా ఆ వారంలోనే పడింది. స్టెరాయిడ్ మాత్రలు, ఎక్కువ డోసు సాల్బ్యుటమాల్ రెండూ షుగర్ పెంచుతాయి. అప్పుడు చేస్తే లేని గర్భకాల మధుమేహం కార్డుకెక్కేది. మాత్రలు ఆగాక వారం దాటనిచ్చి 28వ వారంలో చేస్తే నార్మల్ వచ్చింది. ఫ్లూ టీకా కూడా ఆ విజిట్‌లోనే వేశాం.

ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చిన కాగితంలో మూడే గీతలు. పీక్ ఫ్లో 330 పైన ఉంటే మామూలుగా నడవనివ్వండి. 205 నుంచి 330 మధ్య ఉంటే అదనపు పఫ్‌లు వేసుకుని అదే రోజు ఫోన్ చేయండి. 205 కన్నా తక్కువైనా, మాట తెగుతున్నా, బిడ్డ కదలిక తగ్గినా, ఫోన్ చేస్తూ కూర్చోకుండా వచ్చేయండి.

ఆ తర్వాత

31వ వారానికి పీక్ ఫ్లో 385, స్కోరు 22. రాత్రి మెలకువలు లేవు. అదనపు పఫ్‌లు వారానికి ఒకటి రెండు. ప్రతి విజిట్‌లో కౌంటర్ అంకె కార్డులో పడింది. ఎదుగుదల స్కానింగ్‌లో బిడ్డ తన గీత మీదే ఉంది.

35వ వారంలో బీపీ 144/92. ఉబ్బసం ఉన్నవాళ్లలో ప్రీ-ఎక్లాంప్సియా కాస్త ఎక్కువ, అందుకని మూత్రంలో ప్రొటీన్, ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షలు చేయించాం. అవి బాగున్నాయి. డ్యూటీలో ఉన్నవారు అలవాటు కొద్దీ లాబెటలాల్ రాశారు. అది బీటా బ్లాకర్, గాలి గొట్టాలను బిగించగలదు. కేసు షీట్ అట్ట మీద ఎర్ర సిరాతో రాసిన వరస చూసి మందులిచ్చే చోట ఆపారు. బదులుగా నిఫెడిపిన్ ఇచ్చాం.

ఆ ఎర్ర వరస కాన్పు గది కోసం రాసింది. లాబెటలాల్ వద్దు. కార్బొప్రోస్ట్ వద్దు, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆ ఇంజెక్షన్ ఉబ్బసంలో గొట్టాలను తీవ్రంగా బిగించగలదు. ఎర్గోమెట్రిన్ విషయంలోనూ జాగ్రత్త. ఆక్సిటోసిన్, మిసోప్రోస్టాల్, ట్రానెక్సమిక్ యాసిడ్ వాడొచ్చు. నొప్పి తగ్గించడానికి ఎపిడ్యూరల్ (వెన్నులో ఇచ్చే మత్తు) మేలు. పూర్తి మత్తు తప్పనిసరైతే కెటమిన్ వైపు మొగ్గాలి. రక్తం పోతున్న నిమిషంలో ఎవరూ పాత కాగితాలు తిరగేయరు కాబట్టి ఇది అట్ట మీదే ఉండాలి.

38 వారాలు దాటాక నొప్పులు వాటంతట అవే వచ్చాయి. ఇన్‌హేలర్ పొద్దుటి డోసు నొప్పుల్లోనే వేసుకుంది. హైడ్రోకార్టిసోన్ ఇవ్వాలా అని అడిగారు. కాన్పుకు ముందు రెండు వారాలకు మించి, రోజుకు 7.5 మి.గ్రా. పైన ప్రెడ్నిసొలోన్ వాడుతూ ఉంటే నొప్పులు పడే సమయమంతా ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి 100 మి.గ్రా. ఇస్తాం. ఆమె వాడింది ఏడు రోజులే, అదీ మూడు నెలల కిందట, కాబట్టి ఇవ్వలేదు. మామూలు కాన్పు. బిడ్డ 2.9 కిలోలు. కాన్పు సమయంలో సాల్బ్యుటమాల్ ఎక్కువగా వాడి ఉంటే బిడ్డ షుగర్‌ను మొదటి ఇరవై నాలుగు గంటలు చూసేవాళ్లం. ఆ అవసరం రాలేదు.

మా పద్ధతిలో మారినవి

"వాడుతున్నారా" అని అడగడం మానేశాం. "వారంలో ఎన్నిసార్లు తప్పిపోతుంటుంది?" అని అడుగుతున్నాం. తప్పిపోవడం మామూలే అన్నట్టు అడిగితే నిజం చెప్పడం తేలికవుతుంది. అయినా మాట కన్నా కౌంటర్ ముందు. ఉబ్బసం ఉన్న గర్భవతి ప్రతి విజిట్‌కూ ఇన్‌హేలర్లన్నీ సంచీలో వేసుకుని రావాలి, నీలందానితో సహా. బీపీ గడి పక్కనే కౌంటర్ గడి పెట్టాం. కౌంటర్ లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీ పెన్నుతో డబ్బా మీద రాయిస్తున్నాం. నీళ్లలో తేల్చి చూసే పాత పద్ధతి తప్పు. ఊపితే చప్పుడైనంత మాత్రాన మందు ఉన్నట్టు కాదు, మందు అయిపోయాక కూడా గ్యాస్ చిమ్ముతూనే ఉంటుంది.

కొత్త మందు కలపాలంటే ముందు రెండు చూడాలని నియమం పెట్టుకున్నాం: కౌంటర్, వేసుకునే తీరు. ఈ రెండిటికీ కలిపి పట్టేది ఐదు నిమిషాలు. 23వ వారంలో ఆ ఐదు నిమిషాలు పెట్టి ఉంటే జలుబు ఎలాగూ వచ్చేది. అది ఐసీయూ గుమ్మం దాకా తీసుకెళ్లేదా అన్నది మాత్రం మాకు సందేహమే.

పరికరం మార్చిన విషయంలో ఇప్పటికీ చర్చ ఉంది. స్పేసర్ అలవాటయ్యాక ఆమె దానితోనే హాయిగా ఉంది కాబట్టి మార్పు మంచిదేనని కొందరంటారు. పాత పొడి ఇన్‌హేలరే ఇచ్చి ఉంటే వేసుకున్న ఆ 62 పఫ్‌లైనా సరిగ్గా లోపలికి వెళ్లేవని మిగతావాళ్లంటారు.

కాన్పయిన ఆరో వారం విజిట్‌లో, పాలిస్తున్నప్పుడు ఈ మందు ఆపాలా అని తనే అడిగింది. అక్కర్లేదు, పాలల్లోకి వెళ్లేది చాలా స్వల్పం. గర్భంలో మారిన ఉబ్బసం చాలామందిలో కాన్పయిన మూడు నెలలకు పాత తీరుకు వస్తుంది కాబట్టి డోసు తగ్గించే ఆలోచన అప్పటికి వాయిదా వేశాం. రెండేసి పఫ్‌ల నుంచి ఒక్కోటికి, పీక్ ఫ్లో డైరీ చూసుకుంటూ. ఆ రోజు సంచీలోంచి తీసిన ఇన్‌హేలర్ మొదలుపెట్టి ఇరవై ఆరు రోజులైంది. కౌంటర్ మీద 13 ఉంది. రోజువారీ డోసుల లెక్కన 16 ఉండాలి. మిగతా మూడూ ఏ రోజుల్లో వేసుకుందో కార్డు వెనక తనే రాసి పెట్టుకుంది.